గ్రంథంలో సవర, గృహంలో సవర

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానంలో విశ్వామిత్రుడు తన మాట మన్నించని పెద్ద కుమారులను శపించినట్లు, వారి సంతతివారు ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు అయినట్లు చెప్పబడింది. ఆంధ్ర శబ్దం ఎంత ప్రాచీనమో నిరూపించవలసి వచ్చినప్పుడల్లా మన సాహిత్య చరిత్రకారులు ఈ ఘట్టాన్నే ముందుగా ఉదాహరిస్తారు. పరీక్షలలో అడుగుతారు గనుక విద్యార్థులు దీనిని కంఠస్థం చేస్తారు. అయితే ఆ వరుసలో మనకు ఒక్క పేరు అవతల నిలిచిన శబరులు ఏమైనారు, ఎక్కడ ఉన్నారు, ఏ భాష మాట్లాడుతున్నారు అనే ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోను కనిపించదు. ఆంధ్రుల భాషకు నేడు విశ్వవిద్యాలయాలు, పత్రికలు, చలనచిత్రాలు, ప్రభుత్వ ఉత్తర్వులు ఉన్నవి. శబరుల భాషకు ఏమున్నవో, ఏమి లేవో ఈ వ్యాసంలో విచారింపదలచినాము.

ఆనాటి శబరులనే నేడు సవరలంటున్నాము. వారు తమ భాషను, తమ జాతిని ‘సొర’ అని చెప్పుకుంటారు. వంశధారా నదికి ఇరువైపుల ఉన్న తూర్పు కనుమలు వారి నివాసం. మన రాష్ట్రంలో సీతంపేట, భద్రగిరి ప్రాంతాలలోను, ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి పరిసరాలలోను వారు ఎక్కువగా కనిపిస్తారు. తేయాకు తోటలకు కూలికి వెళ్లి అస్సాంలో స్థిరపడినవారు కూడ కలరు. కొండవాలును మెట్లు మెట్లుగా చదును చేసి, రాతికట్టులు కట్టి, ఊటనీటిని ఒక మడి నుండి మరొక మడికి దింపి వరి పండించటంలో వారి నేర్పు ప్రసిద్ధమైనది. మన డెల్టా రైతుకు ఆనకట్టను, కాలువను ప్రభుత్వం కట్టించి ఇచ్చింది. సవర రైతు తన కాలువను తానే తీర్చుకున్నాడు.

2001 జనాభా లెక్కలలో సవర తమ మాతృభాష అని చెప్పినవారు దేశం మొత్తం మీద సుమారు రెండున్నర లక్షలు. 2011 లెక్కలలో ఆ సంఖ్య నాలుగు లక్షలు దాటింది. ఈ అంకెలను చూచి సంతోషించవలసిందే. కాని పదేళ్లలో ఏ జనసమూహమూ ఇంతగా వృద్ధి పొందదు. తమ భాష పేరు సవర అని ధైర్యంగా చెప్పుకొనేవారు, లేదా ఆ పేరు కింద లెక్కకు ఎక్కినవారు పెరిగారని మేము ఊహిస్తున్నాము. ‘నీ భాష ఏది?’ అని అధికారి అడిగినప్పుడు వచ్చే సమాధానం ఒకటి. ఆ రాత్రి పొయ్యి దగ్గర తల్లి తన బిడ్డను ఏ మాటతో పిలిచిందన్నది మరొకటి. లెక్కల పుస్తకానికి మొదటిది మాత్రమే తెలుసు. మైదానపు అంచులలో స్థిరపడిన సవర కుటుంబాలలో తెలుగే ఇంటి మాటగా మారిన ఊళ్లు లేకపోలేదు. భాష యొక్క ఆయుష్షు ఈ రెండవ విషయం మీదనే ఆధారపడి ఉంటుంది గనుక నాలుగు లక్షలనే అంకెను చూచి నిశ్చింతగా ఉండరాదు.

సవర ఎటువంటి భాషయో ఒకింత తెలుసుకొనటం అవసరం. దానిని మోటు తెలుగని, తెలుగు యొక్క అపభ్రంశమని భావించేవారు చదువుకున్నవారిలోను ఉన్నారు. తెలుగుకు, సవరకు జన్మతః ఎట్టి చుట్టరికమూ లేదు. తెలుగు ద్రావిడ భాష; సవర ముండా శాఖకు చెందినది. సంతాలీ, ముండారీ, హో భాషలు దానికి దగ్గర బంధువులు. మేఘాలయలోని ఖాసీ, బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్ దూరపు చుట్టాలు. సీతంపేట సంతలో చింతపండు తూచి అమ్మే సవర స్త్రీ మాటకు కంబోడియా రైతు మాటతో బంధుత్వం ఉన్నది; ఎదుట కూర్చొని బేరమాడే తెలుగు వర్తకుని మాటతో లేదు.

వారి లెక్కించే పద్ధతిని చూడండి. మనం పది వరకు లెక్కించి, ఆ మీద పదకొండు, పన్నెండు అని పదిని ఆధారం చేసుకుంటాము. సవరలకు పన్నెండు ఒక మెట్టు. దానిని ‘మిగ్గల్’ అంటారు. పదమూడు అనటానికి పన్నెండు మీద ఒకటి అంటారు; పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ఇరవై రాగానే కొత్త మెట్టు మొదలవుతుంది. దాని పేరు ‘కుడి’ (మన కుడిచేయి కాదు). ముప్పది మూడు చెప్పాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంబది మూడు అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ఉర్దూ శాఖ విద్యార్థులకు ఇక్కడ ఒక సంగతి తడుతుంది. వస్తువులను ఇరవయ్యేసి చొప్పున లెక్కించేటప్పుడు వాడే ‘కోడీ’ అనే మాట ఉర్దూ, హిందీ నిఘంటువులలో కలదు. అది ముండా భాషల నుండి వచ్చినదని భావించే పండితులున్నారు. అడవిలోని భాష అని మనం అనుకొనేదాని మాట ఒకటి ఢిల్లీ బజారులో చెలామణి అయినదన్నమాట! బడిలో ఒకట్లు, పదులు, వందలు నేర్చిన సవర పిల్లవానికి ఈ పన్నెండు మెట్టు నేడు అక్కరకు రాదు. ఏ శాసనమూ నిషేధించకుండానే, ఏ శత్రువూ దండెత్తకుండానే, ఒక లెక్కించే పద్ధతి సద్దుమణిగిపోతున్నది.

వ్యాకరణంలోని మరొక విశేషం. తెలుగులో ‘కన్ను’ అనే మాట ‘నీరు’తో కలిసినప్పుడు ‘కన్నీరు’ అవుతుంది. పూర్తి మాట కుదించుకొని సమాసంలో ఇమిడిపోతుంది. సవరలో ఇది చాలా విస్తారంగా జరుగుతుంది. పెక్కు నామవాచకాలకు రెండేసి రూపాలుంటాయి. విడిగా చెప్పేటప్పుడు ఒకటి, క్రియలోనికి చేరేటప్పుడు కురచ చేసినది మరొకటి. ఎనుము ‘బొంగ్తెల్’, క్రియలో చేరితే ‘బొంగ్’ మాత్రమే. కుక్క ‘కిన్సోడ్’, చేరితే ‘సోడ్’. మనం కర్త, కర్మ, క్రియ అని మూడు మాటలలో చెప్పేది వారు కర్మను క్రియ కడుపులో దాచి ఒకే మాటగా చెప్పగలరు. తెలుగు లిపిలో అక్షరం లేని ధ్వనులు, గొంతులో శ్వాసను టక్కున ఆపి పలికేవి, ఈ భాషలో ఉన్నవి. ఇట్టి భాషను మోటు అనేవారికి ఏ భాష వ్యాకరణమూ తెలియదనే చెప్పాలి.

ఈ విషయాలు మనకు తెలియటానికి ముఖ్య కారకులు గిడుగు వేంకట రామమూర్తి గారు. ఆయన పేరు వినగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తుకు వస్తుంది. 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. వక్తలు గ్రాంథికవాదులతో ఆయన చేసిన వాదోపవాదాలను స్మరిస్తారు, పూలమాల వేస్తారు, మంచిదే. కాని ఆయన తన జీవితంలో ముప్పది అయిదు సంవత్సరాలు వెచ్చించిన సవర భాషను గురించి ఆ సభలలో వినిపించేది బహు స్వల్పం. తెలుగువారు తమకు పనికి వచ్చిన గిడుగును ఉంచుకొని, సవరలకు పనికి వచ్చిన గిడుగును మరచినారని మా అభిప్రాయం.

1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పట్టణానికి సంతకు దిగివచ్చే సవరలు వర్తకులతోను, ఉద్యోగులతోను తమ గోడు చెప్పుకోలేక మోసపోవటం ఆ ప్రాంతంలో నిత్యకృత్యం. వారికి చదువు చెప్పాలని ఆయనకు సంకల్పం కలిగింది. చదువు చెప్పాలంటే ముందు వారి భాష తాను నేర్వాలి. అందుకొక పుస్తకం లేదు, గురువు లేడు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని నేర్చుకున్నారు. సవర పల్లెలు తిరిగారు. ఆ కొండలలో మలేరియా జ్వరం తప్పనిసరి అతిథి. జ్వరానికి వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చింది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. కాగితం మీద లేని భాషను చెవితో మాత్రమే పట్టుకోవలసిన మనిషికి ఆ చెవులే పోయినవి. అయినను ఆయన పని మానలేదు. ధ్వనుల భేదాన్ని అంత సూక్ష్మంగా నమోదు చేసిన వ్యాకరణాన్ని రచించినవారు వినికిడి కోల్పోయినవారని తెలిసినప్పుడు ఆశ్చర్యం కలుగక మానదు.

ఆయన సవర భాషలో వాచకాలు వ్రాశారు. కథలు, పాటలు సేకరించారు. అంతటితో ఆగక సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. తెలుగు పిల్లవానికి అర్థం కాని గ్రాంథికంలో తెలుగు నేర్పటం తప్పని ఆయన తరువాతి కాలంలో వాదించింది ఈ అనుభవం మీదనే అని మేము నమ్ముతున్నాము. వ్యావహారికోద్యమం 1906 తరువాతి మాట. సవర బడి ఆలోచన అంతకు ముందటిది. పిల్లవాడు ఇంటి వద్ద మాట్లాడే మాటతోనే చదువు మొదలుపెట్టాలన్న సూత్రాన్ని ఆయన ముందు సవర పల్లెలలో పరీక్షించి, ఆ పిదప తెలుగువారికి చెప్పారు.

1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర భాషా వ్యాకరణాన్ని ఆంగ్లంలో ముద్రించింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఈ రెండింటికి నడుమ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిపోయినది. తెలుగు ప్రాంతాలను అట్లు చేర్చటాన్ని నిరసించిన ఆయన యాభై ఏళ్లకు పైగా నివసించిన ఆ ఊరు విడిచి మన రాజమహేంద్రవరం వచ్చి చేరారు. అంటే ఆ నిఘంటువు అచ్చయ్యేనాటికి దాని కర్త ఈ గోదావరి గట్టున ఉన్నారు. 1940 జనవరి 22న ఆయన మరణించారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. వ్యాకరణం ఉన్నది, నిఘంటువు ఉన్నది, వాచకాలు ఉన్నవి. 1940 నాటికి మన దేశంలో ఇంతటి సామగ్రి గల గిరిజన భాషలు కొద్ది. అట్లయినప్పుడు ఆ భాషకు ఇక భయమేమిటి? భయమేమంటే, ఆ వ్యాకరణం ఆంగ్లంలో ఉన్నది. ఆ నిఘంటువు అర్థాలూ ఆంగ్లంలోనే ఉన్నవి. వాటిని చదువగలిగినవారు విశ్వవిద్యాలయ పండితులు. ఆ భాష మాట్లాడేవారు వాటిని తెరచి కూడ ఎరుగరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో ప్రకటించిన ‘కొండ’ భాషా వ్యాకరణం విషయంలోను ఇదే పరిస్థితి. పండితుల పరిశ్రమను తక్కువ చేయటం మా ఉద్దేశం కాదు; దాని ఉపయోగం ఎక్కడ ఉన్నదో ముందు ముందు చెబుతాము. కాని గిడుగువారు చేసిన రెండు పనులలో వ్యాకరణాన్ని ప్రభుత్వం అచ్చు వేసి భద్రపరచింది. బడి మాత్రం ఆయనతోనే సన్నగిల్లింది.

సవర భాష నేటి వరకు నిలిచిందంటే దానికి కారణాలను ప్రభుత్వ కార్యాలయాలలో గాక వారి మతజీవనంలో వెదకాలి. కేంబ్రిడ్జి పండితుడు పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుండి సవరల నడుమ నివసించి 1993లో ఒక గ్రంథం ప్రకటించారు. మరణించినవారు తమ గ్రామంలోని భూతవైద్యురాలి నోట మాట్లాడతారని సవరల విశ్వాసం. ఆమె పూనకంలో ఉండగా ఇంటివారు చుట్టూ చేరి ఆ మృతునితో గంటల తరబడి సంభాషిస్తారు. నిష్ఠురమాడతారు, ఏడుస్తారు, ఆస్తి తగవులు తీర్చుకుంటారు, ఒక్కొక్కసారి హాస్యమాడతారు. ఆ సంభాషణ సవరలోనే జరగాలి. చనిపోయిన తాతకు తెలుగు రాదు గదా! అదే పండితుడు 2017లో వెలువరించిన రెండవ గ్రంథంలో ఆ సంభాషణలు ఆగిపోయిన కథ చెప్పారు. యువతరం బాప్టిస్టు క్రైస్తవంలోనికో, హిందూ ఆచారాలలోనికో మళ్లింది. ఎవరి విశ్వాసం మీదనైనా తీర్పు చెప్పటం మా పని కాదు, మాకు తగదు కూడ. భాష దృష్టితో మాత్రమే చూస్తే ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. మృతులతో సంభాషించే సవర ఒకటి పోయింది. అదే సమయంలో చర్చిలో పాడే సవర, చదివే సవర పుట్టింది. పూనకపు భాషకు వారసులు లేకపోయినా, ఆదివారం పూట సవరలో కీర్తనలు పాడే పిల్లలున్నారు. పోయిన మాటలు తిరిగి రావు; వచ్చినవి వాటికి బదులు కావు. అయినను భాషకు ఒక చోటు మిగిలింది.

మూడవ దారి ఇంకను విశేషమైనది. 1936లో మంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు ప్రత్యేకమైన లిపిని ప్రకటించారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. ఇరవై నాలుగు అక్షరాలు; ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క దేవత పేరుతో ముడిపడి ఉన్నది. అక్షరాన్నే దైవంగా కొలిచే మతం ఒకటి దాని చుట్టూ ఏర్పడింది. గిడుగువారు పర్లాకిమిడిని వీడిన ఆ సంవత్సరమే సవరలు తమ లిపిని తాము సృష్టించుకొనటం కాకతాళీయమే కావచ్చు. 2012లో ఈ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్లలో, ఫోనులలో వ్రాయటానికి వీలు కలిగింది. ఇటువంటి ప్రయత్నాలు మరికొన్ని జరిగినవి. సంతాలీకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపిని రూపొందించారు; సంతాలీ 2003 నాటి సవరణతో రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో స్థానం కూడ సంపాదించింది. ఆదిలాబాదు ప్రాంతంలోని గుంజాల గ్రామంలో గోండి వ్రాతప్రతులు 2006లో వెలుగులోకి రాగా, ఆ లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది.

లిపి జాతికి గౌరవం తెచ్చిపెడుతుందనటంలో సందేహం లేదు. కాని సవర విషయంలో ఒక చిక్కు ఏర్పడింది. మన రాష్ట్రపు బడి పుస్తకంలో సవర తెలుగు లిపిలో ఉంటుంది. ఒడిశా వైపు ఒడియా లిపి. క్రైస్తవ గ్రంథాలలో రోమన్ లిపి. అక్షరదైవాన్ని కొలిచేవారికి సొరాంగ్ సొంపెంగ్. కొండకు ఈవలి మేనమామ వ్రాసిన ఉత్తరాన్ని ఆవలి మేనకోడలు చదువలేదు. ఇద్దరూ ఎదురుపడితే మాత్రం చక్కగా మాట్లాడుకుంటారు. ఏ లిపి మేలన్న వివాదంలోకి మేము దిగము. ఇంటి ఉర్దూను ఉర్దూ లిపిలో చదువలేక, ప్రార్థనల అర్థాలను తెలుగు లిపిలో చదువుకొనే కుటుంబాలు మన కోస్తాలో ఎన్నో ఉన్నవి. అది లోపమని కొందరంటారు. చదువటమే మానివేయటం కంటే ఏ లిపిలోనైనా చదువటం మేలని మేమంటాము.

ప్రభుత్వం ఏమీ చేయలేదనటం న్యాయం కాదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించటానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణ చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరింది. 2004లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యా పథకాన్ని ఆరంభించింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియాలతో పాటు సవర కూడ అందులో ఉన్నది. పిల్లవాడు తన ఇంటి మాటలతో, తెలుగు లిపిలో చదువు మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా తెలుగులోనికి ప్రవేశించటం ఆ పథకపు సారాంశం. సుమారు వంద సంవత్సరాలు ఆలస్యంగానైనా గిడుగువారి బడి తిరిగి వచ్చినట్లయింది.

అయితే ఇట్టి పథకానికి ప్రాణం ఉపాధ్యాయుడు. సవర తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్నంత కాలం పుస్తకం పిల్లల చేతిలో ఉంటుంది. ఆయన బదిలీ అయి మైదానం నుండి మరొకరు వస్తే అది బీరువాలోకి వెళుతుంది. మరొక సంగతి కూడ ఆలోచించదగినది. కొండపిల్లల చదువుకు మనం ఏర్పరచిన ఉత్తమ సాధనం ఆశ్రమ పాఠశాల. అందులో భోజనం, వసతి, పుస్తకాలు ఉచితం. అక్కడ చదివి ఉద్యోగాలలో స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. కాని సవర, జాతాపు, తదితర జాతుల పిల్లలు ఒకే వసతిగృహంలో కలిసి ఉన్నప్పుడు వారి నడుమ ఉమ్మడి భాష తెలుగే అవుతుంది. చిన్నతనంలోనే ఇల్లు విడిచిన పిల్ల సెలవులకు మాత్రమే అమ్మమ్మ మాట వింటుంది. మేలు చేసే చేతితోనే ఈ హాని జరుగుతున్నది గనుక దీనిని ఎవరూ గుర్తించరు.

ఈ దారి చివర ఏమి ఉంటుందో చూడాలంటే సముద్రాలు దాటి అమెరికాలోని విస్కాన్సిన్‌కు వెళ్లాలి. అక్కడ హోచంక్ అనే ఆదిమ జాతి ఉన్నది. విన్నెబాగో అని కూడ వ్యవహరిస్తారు. పందొమ్మిదవ శతాబ్దంలో ప్రభుత్వం వారిని స్వస్థలం నుండి పలుమార్లు వెళ్లగొట్టి, ఐయోవా, మిన్నెసోటా, దక్షిణ డకోటా, చివరకు నెబ్రాస్కా వరకు తరిమింది. కొందరు తిరిగి వచ్చి విస్కాన్సిన్‌లోనే ఉండిపోయారు. అందువలన నేడు ఆ భాషకు రెండు రాష్ట్రాలు, రెండు ప్రభుత్వాలు. మన సవరకు ఆంధ్ర, ఒడిశాలు ఉన్నట్లే. వారి పిల్లలను దూరపు వసతి పాఠశాలలలో చేర్చి, ఇంటి భాష మాట్లాడితే దండించారు. ఆ దండన తిన్న తరం తమ బిడ్డలతో ఆంగ్లమే మాట్లాడింది. ఫలితంగా ఆ భాషను చిన్ననాటి నుండి ధారాళంగా మాట్లాడేవారు నేడు కొద్దిమంది వృద్ధులు మాత్రమే మిగిలారు. (క్రియ వాక్యం చివర రావటంలో ఆ భాష మన తెలుగును పోలి ఉంటుంది, అంతకు మించి సంబంధం లేదు.)

వారు ఇప్పుడు చేస్తున్న పని గమనింపదగినది. తెగ ప్రభుత్వమే ఒక భాషా విభాగాన్ని ఏర్పరచింది. భాష తెలిసిన వృద్ధుని వద్ద యువకులను శిష్యులుగా నియమించి, వారికి ఉద్యోగులకు ఇచ్చినట్లే జీతమిచ్చి, సంవత్సరాల తరబడి భాషను నేర్పిస్తారు. అట్లు నేర్చినవారు బడులలో, శిశుశాలలలో బోధిస్తారు. శిశుశాలలో పసిపిల్లలతో హోచంక్ మాత్రమే మాట్లాడే ఏర్పాటు చేశారు. న్యూజీలాండులో మావోరీ ప్రజలు 1982లో ఆరంభించిన ‘భాషాగూళ్లు’ అనే శిశుశాలలు ఇటువంటి ప్రయత్నాలకు మార్గదర్శకాలు. హోచంక్ వారి ఆదాయంలో పెద్ద భాగం జూదశాలల నుండి వస్తుందన్న సంగతి మాకు రుచించదు. కాని ఆ ధనంలో కొంత భాషకు వ్యయమవుతున్నదని ఒప్పుకోక తప్పదు. వంద సంవత్సరాల క్రితం పాల్ రాడిన్ వంటి పండితులు వ్రాసి ఉంచిన కథలు, ప్రసంగాలు వారికి నేడు పనికి వస్తున్నవి. ముందు చెప్పుతామన్న మాట ఇదే. నిఘంటువు వలన భాష బ్రతకదు గాని, ఎవరైనా బ్రతికింపదలచిన నాడు అది విత్తనపు గాదె. సవరలకు గిడుగువారి గాదె ఉన్నది. పైగా హోచంక్ వారికి లేని భాగ్యం, బిడ్డతో సవర మాట్లాడే తల్లులు, ఇంకా వేలసంఖ్యలో ఉన్నారు. శిష్యుల కోసం జీతాలు ఇవ్వవలసిన స్థితి వారికి ఇంకా రాలేదు.

వరిచేల నడుమ, కాలువగట్టున ఉన్న రాయవరం వారికి ఈ కొండభాష గొడవ ఎందుకని పాలక మండలి పెద్దలు అడుగవచ్చు. మన పొలాలలో పారే గోదావరి నీరు కోయల కొండలను ఒరసుకొని వచ్చినదే. అది అటుంచి, మన కళాశాల వంటి సంస్థల పుట్టుకకు ఆధారమైన 30వ అధికరణ మతాల్పసంఖ్యాకులకు, భాషాల్పసంఖ్యాకులకు సమానంగా వర్తిస్తుంది. ఆ హక్కు సవరలకూ ఉన్నది. దానిని వినియోగించుకొనే విత్తమూ, విద్యావంతులూ మనకు ఉన్నట్లు వారికి లేరు.

ఇంకొక కారణం మన ఇళ్లలోనే ఉన్నది. మన విద్యార్థులు ఇంటి వద్ద ‘నక్కో’ అంటారు, ‘కైకు’ అంటారు. ఉర్దూ తరగతికి రాగానే అది తప్పని, ‘నహీ చాహియే’, ‘క్యోఁ’ అనాలని దిద్దుకుంటారు. గ్రంథస్థమైన ఉర్దూ నేర్వవలసిందే. దానిలో ఎంతటి సాహిత్యమున్నదో మాకు తెలియనిది కాదు. కాని ‘నక్కో’ అన్నది దక్కనీ నుడి. ఆ నుడికి శతాబ్దాల చరిత్ర ఉన్నది. దానిని తప్పుగా దిద్దిన పిల్ల రేపు తన బిడ్డతో ఇంటి ఉర్దూ మాట్లాడటానికి సిగ్గుపడి, గ్రంథపు ఉర్దూ నోటికి రాక, రెండూ వదలి తెలుగులోనికో ఇంగ్లీషులోనికో వెళుతుంది. ఇప్పటికే కొన్ని ఇళ్లలో నానీమా ఉర్దూలో అడిగితే మనుమరాలు తెలుగులో జవాబిస్తున్నది. తెలుగులో జవాబివ్వటం తప్పు కాదు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు తెలుగులో కవిత్వం చెప్పి మన్నన పొందారు. నానీమా మాట మనుమరాలికి అర్థం కాని రోజు వచ్చినప్పుడే చిక్కు.

కనుక రానున్న ఆగస్టు 29న మన కళాశాలలో జరిగే తెలుగు భాషా దినోత్సవంలో గిడుగువారి సవర కృషిని గురించి ఒక ప్రసంగం ఏర్పాటు చేయాలని తెలుగు శాఖ తరఫున కోరుతున్నాము. ఆ రోజునే ఉభయ శాఖల విద్యార్థులకు ఒక్కొక్క నోటుపుస్తకం ఇవ్వాలని మా ప్రతిపాదన, ఖర్చు స్వల్పం. ప్రతి పుటలో అయిదు గడులు గీయాలి. మొదటి గడిలో ఇంటి పెద్దల నోట విన్న ఒక మాట. వంటింటిదో, పొలానిదో, చుట్టరికానిదో, తిట్టైనా సరే. ఉర్దూ మాటయో, మన ప్రాంతపు తెలుగు మాటయో విన్నది విన్నట్లు వ్రాయాలి, దిద్దకూడదు. రెండవ గడిలో దాని అర్థం, వాడే సందర్భం. మూడవ గడిలో చెప్పినవారి వయస్సు, నాలుగవ గడిలో ఊరు. అయిదవ గడిలో ఆ ఇంటిలోని అందరికంటె చిన్నపిల్లకు ఆ మాట తెలుసునా, తెలియదా అన్నది పిల్లనే అడిగి వ్రాయాలి. పుస్తకాలు నిండిన తరువాత గ్రంథాలయంలో గిడుగువారి నిఘంటువు కోసం మేము అడిగి ఉన్న బీరువా అరలోనే వాటిని కూడ ఉంచవచ్చును.